బండి వెనక నేను పెట్టిన హ్యాండిల్

ఈమధ్య మా వీధిలో పాలు పోసేటాయన దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ బ్యాటరీ బండ్ల మీదే తిరుగుతున్నారు. నేను రిటైరైన ఎలక్ట్రీషియన్నని తెలిసి, "అంకుల్, ఛార్జింగ్ ఎందుకు తొందరగా దిగిపోతాంది?" అని గేటు దగ్గరే ఆపి అడుగుతారు. తెలిసింది చెప్తాను. చెప్పాక నేనూ ఒకటి అడుగుతాను, "సరేగానీ, ఈ బండికి బ్రేక్ ఎక్కడుందో తెలుసా?" అని. నవ్వుతారు. ముసలాయన చాదస్తం అనుకుంటారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. ఎందుకంటే ఇదే ప్రశ్న నన్నొకరు అడిగినప్పుడు నేనూ ఇట్లాగే నవ్వాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పాసై, డెబ్భైల చివర్లో వరంగల్‌లో ఒక ధర్మ దవాఖానలో చేరాను. దాని పేరు చెప్పను, అక్కడి మనుషుల పేర్లూ చెప్పను. అందులో కొందరు ఇంకా ఉన్నారు, ఉన్నవాళ్ళకి నా నోరు సంగతి బాగా తెలుసు. పొద్దున ప్యాసింజర్ ఎక్కి కాజీపేటలో దిగి, స్టేషన్ బయట పెట్టిన సైకిల్ తీసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. ఆ సైకిల్‌కి ఒక్కనాడూ తాళం వెయ్యలేదు, ఒక్కనాడూ పోలేదు. ఆ రోజులు అట్లాంటివి.

దవాఖాన గుట్ట వాలులో ఉండేది. కింద గేటు, ఓపీ, స్టాఫ్ క్వార్టర్లు. మధ్యలో వార్డులు, అప్పటి ల్యాబ్. కింది నుంచి పైదాకా ఒకటే మొరం దారి, తర్వాత దానికి సిమెంటు వేశారు. మా కరెంటు షెడ్డు వార్డుల వెనకాల. మా మేస్త్రిని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. అప్పటికే తల నెరిసింది, చదువు రాదు. జనరేటర్ చప్పుడు వింటూ చాయ్ తాగి, "మూడో నాజిల్ ఏడుస్తాంది" అని చెప్పేవాడు. విప్పి చూస్తే మూడోదే. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరం, గడియారం తీసి మేకుకు తగిలించాలి. స్పానర్‌కి గుడ్డ టేపు చుట్టాలి. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించినోణ్ణి మనిషిగా చూసేవాడు కాదు. నాకేమో సర్టిఫికెట్ ఉంది, ఇంగ్లీషు కాస్త చదవగలను. ఆయన మాటల్లో సగం చాదస్తం అనుకునేవాణ్ణి. పొగరు, ఇంకేం కాదు.

మా ల్యాబ్‌లో ఒకావిడ ఉండేది. తొర్రూరు వైపు ఒక పల్లె పాస్టరు గారి బిడ్డ. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అందరికీ అక్క. మలేరియా పురుగును అక్క లేదంటే లేనట్టే, మళ్ళీ ఎవరూ స్లయిడ్ చూసేవాళ్ళు కాదు. పొద్దున ఎనిమిదింటికి జడ వేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చక్రాల కుర్చీలో క్వార్టర్ గుమ్మంలో కూర్చునేది. ఒక ఆయమ్మ తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీని తోస్తోంది. ఆయమ్మ వార్డులో ఇరుక్కుపోతే మాత్రం అక్క దారిలో పోయే ప్రతి ఒక్కరినీ అడగాల్సిందే. "ఎవరన్న ఖాళీగున్నరా?" ఈ మాట రోజుకి పదిసార్లయినా వినబడేది. మేం కూడా అలవాటుపడిపోయాం, అడిగే మనిషికి ఎట్లా ఉంటుందో ఎవరం ఆలోచించలేదు.

గుట్ట మీద కొత్త ల్యాబ్ కట్టడం మొదలైంది. ఆ ఎత్తుకి రోజుకి నాలుగైదుసార్లు కుర్చీ తోయడం ఒక్క ఆయమ్మ వల్ల అయ్యే పని కాదు. మా పెద్ద డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. కఠినురాలు కాదు, కానీ మొహమాటం లేదు. "ల్యాబ్‌కి ఇంకొకరిని చూసుకుంటాను. ఈ అమ్మాయి కింద ఓపీ కౌంటర్‌లో చీటీలు రాస్తుంది," అని చెప్పేసింది. పన్నెండేళ్ళు మైక్రోస్కోపు చూసిన మనిషిని చీటీలు రాయమన్నారు. ఆ రోజు అక్క టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

మా దగ్గర చాలాకాలం పనిచేసి తన దేశం వెళ్ళిపోయిన ఒక దొరసాని డాక్టర్‌కి ఈ సంగతి ఎవరో ఉత్తరం రాశారు. పైన ల్యాబ్‌కి స్లాబు పడే సమయానికి ఓడలో, ఆపైన రైల్లో ఒక చెక్కపెట్టె దిగింది. నేనూ ఉస్తాదూ మేకులు పీకి చూస్తే లోపల బండి. మూడు చక్రాలు, కుర్చీ, ముందు సైకిల్‌కి ఉన్నట్టు హ్యాండిల్, తాళంచెవి, సీటు కింద రెండు బ్యాటరీలు. బొటనవేలి కింద చిన్న మీట. నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. అంతే. కాళ్ళతో పనే లేదు.

మా షెడ్డు ముందర చదునులో మూడు రోజులు నేర్పాను. నాలుగో రోజు అక్క ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, రోడ్డు పక్క బండి మీద జామకాయలు కొనుక్కుని తిరిగొచ్చింది. నాకో కాయ ఇస్తూ, "తమ్మీ, నా చేతితోటి నేనే ఏరుకున్న," అంది. ఆ కాయ దోరది. దాన్ని నేను తినలేక రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

కొత్త ల్యాబ్ తెరిచారు. అక్క బండి మీదే పైకి పోయింది. అప్పటికి కౌంటర్ మాట ఎవరూ ఎత్తలేదు.

బండితో పాటు ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. డిక్షనరీ పెట్టుకుని నోటుబుక్కులో తెలుగు రాసి అక్కకిచ్చాను. శనివారం శనివారం బ్యాటరీలో నీళ్ళు చూడాలి, బోరు నీళ్ళు పొయ్యొద్దు. అక్క ల్యాబ్‌లోనే డిస్టిల్డ్ వాటర్ తీసేవాళ్ళు కాబట్టి ఆ బాధ లేదు. రోజూ ఛార్జింగ్ పెట్టాలి. మలుపులో మెల్లగా పోవాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాళంచెవి తియ్యాలి. ఇట్లా అన్నీ రాశాను. వెనక మోటారు దగ్గర ఉన్న పసుప్పచ్చ లివర్ గురించి ఒక పేజీ ఉంది. అది మాత్రం రాయలేదు. అది మెకానిక్ పని, ఆడమనిషికెందుకు అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. బండి వచ్చింది గానీ, మనవాళ్ళ చేతులు ఊరుకోవు కదా. అక్క వాలు ఎక్కుతుంటే వార్డు బాయ్‌లు, పేషెంట్ల చుట్టాలు, ఎవరు కనబడితే వాళ్ళు సీటు మీద చెయ్యేసి తోసేవాళ్ళు. ఆయమ్మ బాధైతే చెప్పతరం కాదు. తొమ్మిదేళ్ళు తోసిన కుర్చీ పోయింది. "నా బిడ్డ ఒక్కతే గుట్ట ఎక్కుతాంటే నేను చేతులూపుకుంట నడువాల్నా?" అని నా దగ్గరకొచ్చి ఏడ్చింది. "ఆగినంక తోద్దామంటె కదలదు కొడుకా. రాయి లెక్క నిలబడతది."

కదలదు మరి. ఆ బండికి బ్రేక్ మోటారులోనే ఉంటుంది. మీట వదిలితే మోటారే చక్రాన్ని పట్టుకుంటుంది. పసుప్పచ్చ లివర్ లాగితే మోటారుకీ చక్రానికీ సంబంధం తెగి బండి సైకిల్‌లాగా వదులైపోతుంది. నేను ఆయమ్మకి ఆ లివర్ చూపించాను. అంతటితో ఆగలేదు. అప్పటికి ఓడలో వచ్చిన బ్యాటరీలు అయిపోయి లారీ బ్యాటరీలు వేశాం. వాలు ఎక్కేసరికి అవి డస్సిపోతున్నాయి, నలుగురూ తోస్తే వాటికీ మంచిదే అనుకున్నాను. అరంగుళం పైపు వంచి, వెల్డింగ్ చేసి, సీటు వెనక అడ్డంగా ఒక హ్యాండిల్ పెట్టాను. నీలం రంగు కూడా వేశాను.

అక్క వెనక్కి తిరిగి చూసి, "నాకెందుకు తమ్మీ ఇది? నాకు ముందటున్న హ్యాండిల్ చాలు," అంది.

"ఉండనీ అక్కా, ఎప్పుడన్న పనికొస్తది," అన్నాను.

ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "హ్యాండిల్ మంచిగ పెట్టినవ్ బేటా. మరి బ్రేక్ ఎక్కడ పెట్టినవ్?" అన్నాడు.

నేను నవ్వాను. బ్యాటరీ బండి సంగతి ఈయనకేం తెలుసు అని నా నవ్వుకి అర్థం. ఆయన గ్లాసు తీసుకుని పోయాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున జరిగింది. కాన్పు వార్డులో ఒకామెకి రక్తం ఎక్కించాలి. అక్క వార్డుకొచ్చి సాంపిల్ తీసుకుని, ట్యూబులు ఒళ్ళో పెట్టుకుని పైకి బయల్దేరింది. వాలు మొదట్లో బండి కాస్త మొరాయించినట్టుంది. ఆయమ్మ పరుగున వచ్చింది, వెనక లివర్ లాగింది, నా నీలం హ్యాండిల్ పట్టుకుని తోయడం మొదలుపెట్టింది. నేను అప్పుడు స్తంభానికి నిచ్చెన వేసుకుని లైటు మారుస్తున్నాను. అంతా పైనుంచి కనబడుతోంది.

వాలు మూడొంతులు ఎక్కారు. ఎదురుగా పైనుంచి పెద్ద డాక్టరమ్మ దిగి వస్తోంది. పెద్దవాళ్ళు ఎదురైతే మావాళ్ళేం చేస్తారు? ఆయమ్మ హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

బండి వెనక్కి జారింది. ఆయమ్మ పక్కకి తూలిపడింది. అక్క బొటనవేలితో మీట నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం నాకు కనబడుతూనే ఉంది. నిచ్చెన మీదనుంచి "లివర్, లివర్!" అని ఒర్రాను. అక్కకి లివర్ అంటే ఏంటో తెలిస్తే కదా! వెనక్కి చూస్తూనే ముందు హ్యాండిల్ ఒక పక్కకి కొట్టింది. దారి పక్కన కట్టడానికి తెచ్చి మిగిలిన ఇసుక కుప్ప ఉంది. బండి దాంట్లోకి ఎక్కి పక్కకి పడింది. ఆ కుప్ప లేకపోతే కింద ఓపీ గోడే.

నేను ఉరికేసరికి అక్క ఇసుకలో పక్కకి పడి ఉంది. ఎడమ మణికట్టు వంకరపోయింది. కుడిచేత్తో ట్యూబులు పట్టుకునే ఉంది. "ముందుగాల ఇవి పైకి పంపున్రి," అంది.

అందరూ అక్క చుట్టూ మూగారు. నేను బండిని లేపాను. లేపుతూ, ఎవరూ చూడకుండా లివర్‌ని వెనక్కి నెట్టి యథాస్థానంలో పెట్టాను. మీకు చెప్పాలనుకున్న తప్పు ఇదే. హ్యాండిల్ పెట్టడం తెలియక చేసింది, ఇది మాత్రం తెలిసే చేశాను.

పెద్ద డాక్టరమ్మ బండిని తోసి చూసింది. రాయిలా నిలబడింది. "మరి అప్పుడెందుకు ఆగలేదు? నమ్మడానికి లేదు దీన్ని. తాళం వేసి స్టోర్‌లో పెట్టండి. చెయ్యి బాగయ్యాక ఆ అమ్మాయి కౌంటర్‌లో కూర్చుంటుంది," అంది. ఆయమ్మ ఏడుస్తూ, "బండి దానంతటదే ఉరికింది తల్లీ," అంటోంది. నన్ను రిపోర్టు రాయమన్నారు. "పరీక్షించితిని, లోపమేమీ కనబడలేదు," అని రాశాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు, చూడండి. అట్లా రాయడం కూడా చదువుతోనే వస్తుంది.

మూడు రోజులు అన్నం సయించలేదు. రైల్లో ఎవరన్నా పలకరిస్తే కసిరేవాణ్ణి. మూడో రోజు షెడ్డులో ఉస్తాద్ ఆ ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టాడు. సరిగ్గా లివర్ పేజీ. వాలు మీద బండి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

"నాకు సదువు రాదు బేటా. బొమ్మ కనబడతది," అన్నాడు.

"పెట్టె ఇప్పిన రోజే చూసినవా?"

"చూసిన."

"మరి చెప్పకపోతివి!" అని అరిచాను. తప్పు నాదైతే అరుపు ఆయన మీద.

"అడిగిన గద, బ్రేక్ ఎక్కడ పెట్టినవ్ అని. నువ్వు నవ్వినవ్." మళ్ళీ ఆయనే, "నవ్వినంక నేను ఊకున్న. అది నా తప్పు. జర ఒర్రి చెప్పాల్సింది," అన్నాడు.

అక్క దగ్గరికి పోయాను. చేతికి పట్టీ, మంచం మీద కూర్చుని ఉంది. లివర్ మాట ఎత్తేసరికే, "తెలుసు. కటక్‌మని చప్పుడు ఇన్న. రోజూ ఇనేదాన్ని, అదేందో ఎవ్వలు చెప్పలే," అంది. క్షమించు అక్కా అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడని అంత కోపంలో నేనెప్పుడూ చూడలేదు.

"పడ్డందుకు కాదు తమ్మీ నాకు మండుతాంది. నేను కూసున్న బండి నా చేతిల లేదని ఆయమ్మకు తెలుసు, నీకు తెలుసు, నాకు తెల్వదు. నేను బండి నడుపుతాన్ననుకున్న. మీరేమో కుర్చీ తోస్తాన్రు." అడ్డం పెట్టిన చెయ్యి దించి, "సాయంత్రం రౌండ్స్ లోపల నువ్వు పోయి పెద్ద డాక్టరమ్మకు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అంది.

పోయి చెప్పాను. లివర్ చూపించింది నేను, హ్యాండిల్ పెట్టింది నేను, సర్దేసింది నేను. ఆయమ్మ తప్పేం లేదు మేడమ్ అన్నాను. ఆమె పెన్ను మూత పెట్టి అడిగింది.

"ఈ లివర్ సంగతి ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికి మేడమ్."

"నడిపే మనిషికి?"

"తెల్వదు మేడమ్."

ఆమె కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత మళ్ళీ తీసింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మెమో ఇచ్చింది, అది మడిచి ఇప్పటికీ నా దగ్గరుంది. బండి విషయంలో మాత్రం ఒకటే షరతు. "చెయ్యి బాగయ్యాక నా కళ్ళ ముందు ఒక్కసారి ఆ వాలు తనే ఎక్కాలి. ఎవరూ ముట్టుకోకూడదు. ఎక్కితే ల్యాబ్, లేకపోతే కౌంటర్."

ఆరు వారాలు పట్టింది. నీలం హ్యాండిల్‌ని హాక్సా బ్లేడుతో నేనే కోసేశాను. లివర్ మీద రేకు మూత పెట్టి తాళం వేసి, చెవి అక్క చేతికిచ్చాను. ముందు చక్రానికి మోపెడ్ బ్రేకు ఒకటి బిగించాం, ఆ పని ఉస్తాద్ చేశాడు. ఈసారి లివర్ పేజీ తెలుగులో రాసిచ్చాను. అక్క చదివి, కింద తన చేత్తో ఇంకో వాక్యం రాసుకుంది: కూర్చునే ముందు బండిని చేత్తో తోసి చూడాలి, కదిలితే కూర్చోవద్దు. పుస్తకంలో లేని మాట అది.

అనుకున్న రోజుకి ముందురోజంతా కరెంటు కోత. పొద్దున హైడ్రోమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీలు సగం కూడా నిండలేదు. "ఇయ్యాల వద్దక్కా, రేపు చేద్దాం," అన్నాను. "కరెంటు ఉన్న రోజు చూసి రోగం వస్తదా? రోజూ ఇట్లనే ఎక్కాలె గద," అని తాళంచెవి పెట్టింది.

దవాఖాన మొత్తం దారికి రెండు పక్కలా నిలబడింది. వార్డుల్లోంచి పేషెంట్లు సెలైన్ సీసాలు పక్కవాళ్ళతో పట్టించుకుని మరీ వచ్చారు. బండి సగం వాలు బాగానే ఎక్కింది. తర్వాత మెల్లబడింది. మోటారు మూలిగింది. సరిగ్గా ఆ ఇసుక కుప్ప దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

మళ్ళీ వెనక్కి ఉరుకుతుందనే అనుకున్నాను. కానీ బండి ఒక్క అంగుళం వెనక్కి జారలేదు. జనం ఒక్కసారిగా ముందుకి ఊగారు. ఆయమ్మ చేతులు అప్పటికే గాల్లో ఉన్నాయి.

"ఎవ్వలు ముట్టొద్దు!" అంది అక్క.

అంతా ఆగిపోయారు. అక్క తాళంచెవి తిప్పి బండి బంద్ చేసింది. "దమ్ము తీసుకోనియ్యున్రి. మల్ల పోతది," అని టిఫిన్ డబ్బా మూత తీసి ఉప్మా తినడం మొదలుపెట్టింది. నాకు తెలుసు, డస్సిన బ్యాటరీకి కాసేపు విశ్రాంతి ఇస్తే కొంచెం శక్తి తెచ్చుకుంటుంది. అది అక్కకి నేర్పింది నేనే. తెలిసినా మనసు ఊరుకోలేదు. నాలుగడుగులేసి ఒక్క తోపు తోస్తే అయిపోతుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకున్నాను. ఆయమ్మ తన చేతులని కొంగులో చుట్టేసుకుంది. పెద్ద డాక్టరమ్మ కోటు జేబుల్లో పెట్టుకుంది. ఉస్తాద్ ఒక్కడే హాయిగా చాయ్ తాగుతున్నాడు.

ఇరవై నిమిషాలు. నా సర్వీసులో స్తంభాలెక్కాను, వానలో లైన్లు కలిపాను. చేతులు ఉండి ఏమీ చెయ్యకుండా నిలబడ్డ ఆ ఇరవై నిమిషాలంత కష్టమైన పని ఇంకేదీ చెయ్యలేదు.

అక్క డబ్బా మూత పెట్టింది, చెయ్యి తుడుచుకుంది. చెవి తిప్పి మీట నొక్కింది. బండి కదిలింది. నడిచే మనిషికంటే మెల్లగా, ఆగుతుందా ఆగుతుందా అనిపిస్తూ పాకుతూ పోయింది. ల్యాబ్ ముందర చదునుకి చేరింది. ఎవరో చప్పట్లు కొట్టబోతే పెద్ద డాక్టరమ్మ గడియారం చూసుకుని, "ల్యాబ్ తెరవడం అరగంట ఆలస్యమైంది. వెళ్ళండమ్మా," అంది. అంటూ మొహం అటు తిప్పుకుంది.

నేనింకా కిందే, చేతులు వెనక్కి కట్టుకుని, నిలబడ్డచోటే ఉన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు విడవలేదు. పైన అక్క బండిని మెల్లగా తిప్పి నన్ను చూసింది.

"ఇగ చేతులు ఇడువు తమ్మీ. ల్యాబ్‌ల ఫ్రిజ్ మొన్నటి సంది చల్లబడ్తలేదట. ఖాళీగుంటె కాదు, పని ఇడిచిపెట్టి రా."

ఉస్తాద్ నా చేతిలో స్పానర్ పెట్టాడు. నేను ఉరికాను.